గేటు దాటేలోపు కాల్ తెగకుండా: వైఫై నుంచి మొబైల్ డేటాకి మారడం ఎలా?

మా అమ్మ విజయనగరం నుంచి రోజూ సాయంత్రం ఆరు దాటాక వీడియో కాల్ చేస్తుంది. సరిగ్గా నేను సంచీ పట్టుకుని కూరగాయలకి బయల్దేరే వేళ అది. విశాఖ సీతమ్మధారలో మాది మూడో అంతస్తు. మాట్లాడుతూ కిందికి దిగి, వాచ్‌మన్ గది దాటి, గేటు దగ్గరకొచ్చేసరికి అమ్మ బొమ్మ నోరు తెరిచినట్టే ఆగిపోతుంది. కాసేపటికి గొంతు మాత్రం వస్తుంది: "ఏట్రా, ఇనబడతందా? హలో... హలో..."

ఫోన్ పైభాగంలో చూస్తే వైఫై గుర్తు ఒక్క గీతతో వేలాడుతోంది. దాని పక్కనే 5జీ గీతలు నిండుగా ఉన్నాయి. నిండు కుండ పక్కన పెట్టుకుని అడుగంటిన చెంబుని గీకుతున్నట్టు ఉంటుంది నా ఫోన్ వరస.

కాబట్టి ముందుగా ఒక సంగతి. కాల్ తెగేది సిగ్నల్ లేని చోట అనుకుంటాం. చాలాసార్లు తెగేది రెండు సిగ్నళ్లూ ఉన్న చోట, ఒకటి చచ్చిపోతూ ఇంకా పూర్తిగా చావని చోట. అక్కడ ఫోన్ పాతదాన్ని త్వరగా వదిలేలా చేయడమే మన పని. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

ముందు ఒకసారి నడిచి చూడండి

సెట్టింగుల జోలికి వెళ్లకముందు ఈ పని చేయండి. ఇంట్లో ఎవరికైనా వాట్సాప్ కాల్ చేసి, వాళ్లని అంకెలు గట్టిగా లెక్కపెట్టమనండి: ఒకటి, రెండు, మూడు. మీరు రౌటర్ పక్క నుంచి మొదలుపెట్టి, రోజూ బయటికి వెళ్లే దారిలోనే, రోజూ నడిచే వేగంతోనే నడవండి. ఎక్కడ అంకె మింగేసిందో, ఎన్ని అంకెల తర్వాత మళ్లీ వినిపించిందో గుర్తుపెట్టుకోండి. అదే మీ ఇంటి సరిహద్దు. మా ఇంట్లో అది గేటుకి నాలుగడుగుల ఇవతల. మీకు మెట్ల మలుపు కావచ్చు, పార్కింగ్ కావచ్చు, వీధి చివరి కిరాణా కొట్టు కావచ్చు.

ఇంకాస్త లెక్కగా కావాలంటే ఆండ్రాయిడ్‌లో వైఫై అనలైజర్ రకం యాప్ ఏదైనా ఒకటి వేసుకోండి. అది సిగ్నల్ బలాన్ని మైనస్ అంకెల్లో చూపిస్తుంది. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. మైనస్ 50 అంటే రౌటర్ పక్కనే ఉన్నట్టు. మైనస్ 67 దాకా మాట స్పష్టంగా ఉంటుంది. మైనస్ 80 దగ్గరికి వచ్చిందంటే పేరుకే వైఫై.

తెగడం వెనక కథ

బైకు మీద గాజువాక నుంచి మద్దిలపాలెం వచ్చేలోపు ఫోన్ ఎన్నో టవర్లు మారుతుంది. మామూలుగా అయితే మీకు తెలియను కూడా తెలియదు. ఎందుకంటే టవర్ నుంచి టవర్‌కి మార్చే పని నెట్‌వర్కే చూసుకుంటుంది. పాత టవర్ చేయి వదలకముందే కొత్త టవర్‌తో మాట్లాడి పెడుతుంది. పైగా మీ ఫోన్‌కి ఇచ్చిన ఐపీ అడ్రస్‌ని, అంటే నెట్‌లో దాని చిరునామాని, మార్చకుండా వెంట తీసుకెళ్తుంది.

వైఫైకీ మొబైల్ డేటాకీ మధ్య ఆ పెద్దమనిషి లేడు. మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఒకరిది, సిమ్ మరొకరిది. ఎప్పుడు మారాలన్న నిర్ణయం ఫోన్‌దే. వైఫైకి విడిగా డబ్బు కట్టక్కర్లేదు, డేటా లెక్క ప్రకారం ఖర్చవుతుంది అనే ఆలోచనతో తయారైనవి కాబట్టి ఫోన్లు వైఫైని ఓ పట్టాన వదలవు. వదిలాక ఐపీ అడ్రస్ మారిపోతుంది. పాత అడ్రస్ మీద నడుస్తున్న సంభాషణ అక్కడితో సరి, యాప్ మళ్లీ అల్లుకోవాలి. వాట్సాప్‌లో 'రీకనెక్టింగ్' అని కనిపించే కొన్ని క్షణాలు అవే.

మరి యూట్యూబ్ ఎందుకు ఆగదు? అది ముందే కాస్త వీడియోని దింపి దాచుకుంటుంది, ఆ నిల్వ ఖర్చయ్యేలోపు కొత్త దారి పట్టుకుంటుంది. మాటకి నిల్వ ఉండదు కదా, అమ్మ ఇంకా అనని మాటని ఎవరు దాచగలరు? అడ్రస్ మారినా సంభాషణ కొనసాగే పద్ధతులు లేకపోలేదు. ఆపిల్ 2013లోనే ఐఓఎస్ 7తో, ఐఫోన్‌లో మాటతో పనిచేసే సిరి అనే సహాయకి కోసం ఒకేసారి రెండు దారులూ వాడే ఏర్పాటు పెట్టింది. 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే పద్ధతి, సంభాషణని అడ్రస్‌తో కాకుండా ఒక విడి గుర్తింపుతో పట్టుకుంటుంది. కానీ మీరు వాడే ప్రతి యాప్‌లోనూ ఇవి ఉంటాయని లేదు. కాబట్టి మన జాగ్రత్తలో మనం ఉందాం.

ఆండ్రాయిడ్‌లో ఏం మార్చాలి

శాంసంగ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కనెక్షన్స్, అందులో వైఫై తెరవండి. పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కితే 'ఇంటెలిజెంట్ వైఫై' కనిపిస్తుంది. దాని లోపల 'స్విచ్ టు మొబైల్ డేటా' ఆన్ చేయండి. పిక్సెల్‌లో అయితే 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' కింద 'అడాప్టివ్ కనెక్టివిటీ' చూడండి. మిగతా కంపెనీలు ఒక్కొక్కరూ ఒక్కో పేరు పెట్టారు, కొందరు 'వైఫై అసిస్టెంట్' అంటారు, కొందరు ఇంకోటి. పేరు వెతుక్కుంటూ అరగంట పోగొట్టుకోకండి. సెట్టింగ్స్ పైన ఉండే వెతుకులాట పెట్టెలో 'స్విచ్' అనో 'అసిస్టెంట్' అనో ఇంగ్లీషులో కొట్టండి, దొరుకుతుంది.

రెండోది కాస్త లోతుగా ఉంటుంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు పెద్దలు. ఫోన్ విషయంలో మాత్రం పెట్టాలి. వైఫై మీద ఉన్నప్పుడు కూడా మొబైల్ డేటాని మేలుకునే ఉంచే సెట్టింగ్ ఒకటుంది, దాని పేరు 'మొబైల్ డేటా ఆల్వేస్ యాక్టివ్'. ఇది ఉంటే వైఫై పోయాక డేటాని నిద్రలేపే ఆలస్యం తప్పుతుంది. చాలా ఫోన్లలో ఇది ముందే ఆన్‌లో ఉంటుంది, ఎవరో 'బ్యాటరీ మిగులుతుంది' అని చెప్తే విని మీరు ఆపేసి ఉంటే తప్ప. చూడాలంటే 'అబౌట్ ఫోన్'లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కాలి. అప్పుడు డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటుంది, అందులో ఉంటుందిది. చూసుకుని, పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్‌ని మళ్లీ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. అక్కడ మిగతావేవీ ముట్టుకోకండి, అది మన వంటిల్లు కాదు.

ఐఫోన్‌లో

సెట్టింగ్స్‌లో మొబైల్ సర్వీస్ తెరిచి (పాత ఫోన్లలో మొబైల్ డేటా అని ఉంటుంది), అట్టడుక్కి వెళ్లండి. యాప్‌ల జాబితా అంతా దాటాక 'వైఫై అసిస్ట్' కనిపిస్తుంది. 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది. వైఫై నీరసించినప్పుడు ఇది డేటాని వాడుతుంది. ఎంత డేటా వాడిందో కూడా అక్కడే రాసి ఉంటుంది. అయితే తెర మీద తెరిచి ఉన్న యాప్‌లకే ఇది సాయం చేస్తుంది, వెనకాల దిగుతున్న వాటికి కాదు. ఆపిల్‌వి కాని కొన్ని ఆడియో, వీడియో యాప్‌లకీ చేయదు.

ఐఫోన్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. కంట్రోల్ సెంటర్ కిందికి లాగి వైఫై బొమ్మ నొక్కితే వైఫై పూర్తిగా ఆగిపోదు. ఉన్న కనెక్షన్‌ని వదిలేస్తుంది, అంతే. మీరు వేరే చోటికి వెళ్తేనో, మర్నాడు ఉదయం 5 గంటలకో మళ్లీ తనంతట తనే కలుపుకోవడం మొదలుపెడుతుంది. చెప్పులు వేసుకునేటప్పుడు ఒక్క నొక్కు. తిరిగి ఆన్ చేయడం మర్చిపోయి, రాత్రంతా డేటా తగలేసే గొడవ లేదు.

మాటే ముఖ్యమైతే మామూలు కాల్ చేయండి

ఇది చాలామంది పట్టించుకోని దారి. డయలర్ నుంచి చేసే మామూలు కాల్ కూడా ఇప్పుడు వైఫై మీదుగా వెళ్లగలదు. మన దేశంలో 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో ఈ వైఫై కాలింగ్ మొదలుపెట్టాయి. ఇందులో కాల్ మీ బ్రాడ్‌బ్యాండ్ గుండా వెళ్లినా చేరేది మీ సిమ్ కంపెనీ దగ్గరికే. అంటే ఇందాక లేడన్న పెద్దమనిషి ఇక్కడ ఉన్నాడు. మీరు గేటు దాటగానే ఆ కాల్‌ని ఆయనే వోల్టే మీదకి, అంటే 4జీ మాట కాల్ మీదకి, చడీచప్పుడు లేకుండా మార్చేస్తాడు.

దీనికి రెండూ ఆన్‌లో ఉండాలి: వైఫై కాలింగ్, వోల్టే. ఒకటే ఉంటే గేటు దగ్గర కాల్ కూలుతుంది. ఆండ్రాయిడ్‌లో ఫోన్ యాప్ సెట్టింగుల్లోనో, సిమ్ సెట్టింగుల్లోనో ఉంటాయి. ఐఫోన్‌లో ఫోన్ సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఉంటుంది. నెట్‌వర్క్ రకాన్ని 3జీకో 2జీకో బిగించి ఉంటే విప్పి, ఆటో మీద పెట్టండి. ఒక సిమ్‌కి ఆన్ చేసి రెండో సిమ్‌ని మర్చిపోవడం మామూలే, రెండూ చూడండి.

ఇంటర్వ్యూ, ఆసుపత్రి కబురు, బ్యాంకు వాళ్లతో మాట వంటివి కదులుతూ మాట్లాడాల్సి వస్తే నేను వాట్సాప్ జోలికే వెళ్లను. అమ్మకి మాత్రం మొహం కనిపించాలి. అది వేరే లెక్క.

వీడియో కాల్ తప్పనిసరైతే

మారడాన్ని ఫోన్‌కి వదిలేయకండి, మీరే చేయండి. తలుపు దగ్గర నిలబడి, వైఫై ఇంకా బాగున్నప్పుడే, "అమ్మా, ఒక్క క్షణం ఆగు" అని చెప్పి వైఫై ఆపేయండి. మూడు నాలుగు క్షణాల్లో కాల్ డేటా మీదకి వచ్చేస్తుంది. వచ్చాకే అడుగు బయట పెట్టండి. గేటు దగ్గర అరనిమిషం నలిగేకంటే ఇది నయం. 'రీకనెక్టింగ్' అని కనిపించగానే కంగారుపడి కట్ చేసి మళ్లీ చేయొద్దు. రెండు వైపులా ఒకేసారి మళ్లీ చేస్తే ఇద్దరికీ బిజీ వస్తుంది. ఒకళ్లు ఆగాలి. మా ఇంట్లో ఒప్పందం: ఆగేది నేను, మళ్లీ చేసేది అమ్మ.

లిఫ్టు ఇనప పెట్టె. అందులోకి వైఫైయే కాదు, టవర్ కూడా సరిగ్గా రాదు. లిఫ్టు తలుపు మూసుకున్నాక వైఫై ఆపి లాభం లేదు, ఎక్కకముందే ఆపాలి.

బండి స్టాండు తీశాక మాత్రం ఇవేవీ చేయకండి. హెల్మెట్‌లోకి ఫోన్ దూర్చి మాట్లాడేవాళ్లని హనుమంతవాక జంక్షన్‌లో రోజూ చూస్తున్నాం.

తిరిగి వచ్చేటప్పుడు

వెళ్లేటప్పటి కంటే ఇది పెద్ద చిక్కు. 5జీ మీద హాయిగా మాట్లాడుతూ ఇంటికొస్తారు. గేటు దగ్గరే ఫోన్ ఇంటి వైఫై వాసన పసిగట్టి ఒక్క గీత సిగ్నల్‌కి ఎగబడుతుంది. మాట తెగుతుంది. కాల్ ముగిసి, లోపల కూర్చున్నాకే వైఫై ఆన్ చేయడం సులువైన మందు. శాంసంగ్‌లో 'మోడ్స్ అండ్ రొటీన్స్', ఐఫోన్‌లో షార్ట్‌కట్స్ వాడి, ఇల్లు దాటగానే వైఫై ఆగేలా, ఇంటికి వచ్చాక వెలిగేలా పెట్టుకోవచ్చు కూడా. ఒకసారి కూర్చుని చేసుకుంటే ఆ తర్వాత ఆ ధ్యాసే ఉండదు.

రౌటర్ ఎక్కడుందో కూడా చూడండి. వీధివైపు గది కిటికీలో పెడితే సిగ్నల్‌లో సగం రోడ్డుకే. అప్పుడు ఫోన్ గేటు బయట దాకా వైఫైని పట్టుకునే ఉంటుంది. ఇంటి మధ్యకి జరపండి. టీవీ వెనక, ఇనప బీరువా పక్కన వద్దు. రౌటర్ ఇచ్చే రెండు రకాల సిగ్నళ్లలో 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్ తొందరగా ఆగిపోతుంది. దూరం పోయేదే మంచిదని అనుకుంటాం. కదిలే ఫోన్‌కి మాత్రం తొందరగా ఆగేదే మేలు, ఎందుకంటే అప్పుడు వదలడం కూడా తొందరగా జరుగుతుంది. రౌటర్‌లో ఆ రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ మీదే ఉంచి, 2.4ని 'ఫర్గెట్' చేశాక మా గేటు కష్టం సగం తీరింది.

స్టేషన్‌లో, అరకు రైల్లో

విశాఖపట్నం రైల్వే స్టేషన్‌లో 2016 నుంచి రైల్‌వైర్ వైఫై ఉంది. ఫోన్ నంబరుకి వచ్చే ఓటీపీ కొడితే రోజుకి అరగంట ఉచితం. ఏ స్టేషన్ వైఫై అయినా రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది, లాగిన్ అవ్వకుండా కనెక్ట్ మాత్రమే అయి ఉంటే, వైఫై గుర్తు కనిపిస్తుంది గానీ నెట్ ఉండదు. ఫోన్లు చాలావరకు దీన్ని కనిపెట్టి డేటా మీదే ఉంటాయి, కానీ అన్నిసార్లూ కాదు. మెసేజీలు వెళ్లకపోతే ముందు అనుమానించాల్సింది దాన్నే. రెండోది, రైలు కదిలాక ప్లాట్‌ఫారం చివరి దాకా ఫోన్ ఆ వైఫైని పట్టుకుని వేలాడుతుంది. సామాను సర్దుకుని సీట్లో కూర్చోగానే వైఫై ఆపేయండి. ఆ పేరు మీద 'ఆటో జాయిన్' కూడా తీసేస్తే, వచ్చేసారి అడిగితే తప్ప కలుపుకోదు.

కొత్తవలస దాటి శృంగవరపుకోట మీదుగా కొండెక్కడం మొదలయ్యాక ఈ సెట్టింగులేవీ పనిచేయవు. అరకు దారిలో 50కి పైగా సొరంగాలున్నాయి, మధ్యలో లోయలు. సొరంగంలో మారడానికి రెండో నెట్‌వర్కే లేదు. చూడాల్సిన మ్యాపు, టికెట్టు, పిల్లలకి పాటలు అన్నీ స్టేషన్ వైఫై మీదే దింపుకోండి. అరగంట దానికి సరిపోతుంది. కాల్ చేయాల్సినవాళ్లకి ముందే చెప్పండి, "మధ్యలో పలకను" అని.

కారులో భీమిలి వెళ్తూ ల్యాప్‌టాప్ మీద పని చేయాలంటే ఒక ఫోన్‌ని హాట్‌స్పాట్‌గా పెట్టండి. ల్యాప్‌టాప్‌కి కనిపించేది ఒకే వైఫై, అది కారుతో పాటే వస్తుంది. టవర్ల గోల ఫోన్ పడుతుంది.

డబ్బులు పంపేటప్పుడు

యూపీఐ కొడుతున్నప్పుడు వైఫై సరిహద్దు దాటకండి. హోటల్ వైఫై మీద స్కాన్ చేసి, పిన్ కొట్టి, లేచి బయటికి నడిస్తే జవాబు దారిలో పోవచ్చు. డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, హోటల్ వాళ్ల పెట్టె మాత్రం పలకదు. వెంటనే రెండోసారి కొట్టకండి. ముందు యాప్‌లో హిస్టరీ చూడండి. 'పెండింగ్' అని ఉంటే కాసేపు ఆగండి. మీ ఖాతాలో తగ్గి అవతలికి చేరకపోతే తిరిగి జమ కావాల్సిందే. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన గడువు ప్రకారం, మనిషికి పంపినదైతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టినదైతే 5 రోజుల్లోపు. దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. రిషికొండ దగ్గర కొబ్బరిబొండం వాడితో వాదన పెట్టుకోవడం కంటే జేబులో యాభై నోటు ఒకటి ఉంచుకోవడం తేలిక.

ఓటీపీ మెసేజీల గురించి దిగులక్కర్లేదు. అవి నెట్ మీద రావు, సిమ్ మీద వస్తాయి. డేటా ఆపేసినా వస్తాయి, టవర్ ఉంటే చాలు.

ఆఫీసు వీపీఎన్

మధురవాడ కొండ మీద ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకి ఒక్క మాట. నెట్‌వర్క్ మారగానే వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే రక్షిత దారి) తెగి, మళ్లీ లాగిన్ అడుగుతుంటే, మీ ఐటీ వాళ్లని ఐకేఈవీ2 ప్రొఫైల్ ఉందా అని అడగండి. అడ్రస్ మారినా నిలిచే ఏర్పాటు అందులో ఉంది. వాళ్లు ఇస్తే మీ అదృష్టం.

డేటా కోటా, కరెంటు

ఇవన్నీ చేశాక కూడా కాల్ నత్తనడక నడిస్తే, రోజువారీ కోటా అయిపోయిందేమో చూడండి. 1.5 జీబీయో 2 జీబీయో దాటాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్లాన్లే ఎక్కువ. అప్పుడు వైఫై నుంచి దిగడమంటే ఎండిన చెరువులోకి దూకడమే. ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్ వైఫై మీద మాత్రమే జరిగేలా పెడితే సాయంత్రానికి కాస్త మిగులుతుంది.

కూర్చున్న చోటి నుంచి కదలకుండా కూడా నెట్‌వర్క్ మారుతుంది, కరెంటు పోయినప్పుడు. రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకుంటే గంటో రెండు గంటలో గడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చూశాం కదా, తీగలూ పోయాయి, టవర్లూ పోయాయి. అలాంటి రోజుకి ఏ సెట్టింగూ లేదు. మామూలు కోతకి మాత్రం యూపీఎస్ చాలు.

మార్పులన్నీ అయ్యాక మొదటి నడక మళ్లీ నడవండి. అదే దారి, అదే వేగం, అవతల అవే అంకెలు. మేం నడిచినప్పుడు గేటు దగ్గర ఒక్క అంకె పోయింది, అంతే. ఇప్పుడు తెగేదల్లా లిఫ్టులోనే. అమ్మ కాల్ ఉన్నప్పుడు మెట్లు దిగుతున్నాను.